పాడ్యమినాటి జర్మన్

నా కాళ్లు చిన్నప్పటి నుంచీ ఒకచోట నిలిచేవి కావు. అన్నం తింటూ తింటూ లేచి తిరిగేవాణ్ని. "కాలు కాలిన పిల్లి మాదిరి ఏందిరా ఆ తిరగడం" అని మా అమ్మ మొత్తుకునేది. కాలేజీలో చేరాక ఆ జబ్బు తగ్గకపోగా ముదిరింది. యుద్ధం ముగిసిన కొత్త. తిరుపతిలో బియ్యానికీ కిరసనాయిలుకూ గుడ్డకూ, దేనికి చూసినా కార్డే. లోకంలో ఎక్కడెక్కడో ఏమేమో జరిగిపోతున్నాయి, నేను మాత్రం ఈ అద్దెగదిలో కూర్చుని ద్రావకాల సూత్రాలు బట్టీ కొడుతున్నానే అని లోపల ఒకటే ఉడుకు. అందుకే నోటీసు బోర్డు మీద జర్మన్ అన్న మాట కనబడగానే వెనకా ముందూ చూడకుండా పేరిచ్చేశాను.

రసాయనశాస్త్రం చదివేవాళ్లకు జర్మన్ వస్తే తిరుగులేదని, పెద్ద పుస్తకాలన్నీ ఆ భాషలోనే ఉన్నాయని అప్పట్లో గట్టి నమ్మకం. మద్రాసు, బెంగుళూరు ప్రయోగశాలల్లో అది తెలిసినవాణ్ని ముందు పిలుస్తారని సీనియర్లు చెప్పేవారు. మార్చిలో ఒక రాతపరీక్ష, దాంతోపాటు మద్రాసు నుంచి వచ్చే పరీక్షాధికారి ఎదుట చదివి వినిపించే పరీక్ష. రెండూ గట్టెక్కాలి. ఊరికి పోయి ఈ సంగతి చెబితే మా నాయన వేరుశనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"ఓడిపోయినోళ్ల బాస నేర్సుకోని ఎవురితో మాట్లాడతావురా? సరే, నీ ఇష్టం. తప్పినావంటే మాత్రం ఆడ ఉండేది లేదు. వచ్చి చేన్లో మడక పట్టు."

కాలేజీలో జర్మన్ చెప్పేవారు ఎవరూ లేరు. ప్రిన్సిపాలు వెతికి వెతికి చివరికి సంస్కృతం చెప్పే ఒక పెద్దాయనను పట్టుకున్నారు. చుట్టుపక్కల యాభై మైళ్లలో జర్మన్ నిఘంటువు ఉన్న ఇల్లు ఆయనదొక్కటే. నుదుట నామం, భుజాన ఉత్తరీయం, అరవై దాటిన వయసు. మేం ఆయనను స్వామి అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు తాళపత్రాలకు నకళ్లు రాసే పనిలో ఉండేవారట. మన గ్రంథాలే ఆ దేశంలో అచ్చయి వచ్చేవి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో జర్మన్‌లో ఏవో మాటలు. "మన ఇంటి బిడ్డను గురించి పక్కింటివాళ్లు ఏమో చెప్పుకుంటా ఉండారు. మనకు తెలియకపోతే ఎట్లప్పా?" అనేవారు. ఇంగ్లీషు రాకపోయినా, ఆ ఒక్క ఆరాటంతో ఒక వ్యాకరణమూ ఒక సంస్కృత-జర్మన్ నిఘంటువూ తెప్పించుకుని ఇరవై ఏళ్లు ఒంటరిగా చదివారు. జర్మన్ మాట్లాడే మనిషిని మాత్రం ఆయన అంతవరకు చూడలేదు, వినలేదు.

మొదట ముగ్గురం చేరాం. రెండు వారాలకు నేనొక్కణ్నే మిగిలాను. మిగతా ఇద్దరూ పారిపోయారంటే వాళ్ల తప్పు లేదు. స్వామి పాఠం చెప్పే తీరు అలాంటిది. మంచిరోజు చూసి గురువారంనాడు ఆయన ఇంటి అరుగుమీద నాకు అక్షరాభ్యాసం చేశారు. బియ్యంలో రాయించాలి, కానీ బియ్యం రేషన్. అందుకని స్వర్ణముఖి ఇసుక తెప్పించి పళ్లెంలో పోసి, నా వేలు పట్టుకుని జర్మన్ అక్షరాలు దిద్దించారు. అప్పటికే నాకు మీసం వచ్చింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి నవ్వుకుని పోతుంటే నేను తల పళ్లెంలోకి దూర్చుకునేవాణ్ని.

తర్వాత వల్లె. వేదం చెప్పే పద్ధతి మొత్తం జర్మన్‌కు తెచ్చి తగిలించారు. వాక్యం ఇస్తే ముందు అది పదం పదంగా చెప్పాలి. తర్వాత ఒకటో మాట రెండో మాట, రెండో మాట మూడో మాట, ఇలా జంటలు కట్టి చెప్పాలి. స్వరం తగ్గితే ఆయన వేలు కిందికి దిగేది, పెరిగితే పైకి లేచేది. గంధకామ్లం తయారుచేసే విధానాన్ని నేను అరుగుమీద ఊగుతూ సస్వరంగా చెప్పాను. వేదం నాబోటి కాపుబిడ్డకు ఆయన చెప్పరు. జర్మన్‌కు ఆ అడ్డు లేదు కాబట్టి తన దగ్గరున్న కళంతా దాంట్లోనే పోశారేమో అని తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం విసుగొక్కటే.

పైగా అనధ్యయనాలు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య, ఈ రోజుల్లో పాఠం లేదు. "పాడ్యమినాడు చదివితే వచ్చింది కూడా పోతుందప్పా" అనేవారు. జర్మన్‌కు తిథులేమిటి స్వామీ అని ఒకసారి అడిగాను. "చదువుకు ఉండాయి కదా" అన్నారు. పరీక్ష తరుముకొస్తుంటే నెలలో ఇన్ని రోజులు గాలికి పోవడం చూసి నాకు ఒళ్లు మండేది.

ఆ దేశం గురించి ఆయనకు తెలిసిందల్లా పుస్తకాల్లోదే. అయినా ఊరికే చెప్పేవారు కారు, తూచి చెప్పేవారు. "వాళ్ల పండగకు చెట్టును కొట్టి ఇంట్లోకి తెచ్చి దీపాలు పెడతారంట. కార్తీకంలో మనం దీపాన్ని చెట్టు కాడికి తీసుకుపోతాము, వాళ్లు చెట్టునే దీపం కాడికి తీసుకొస్తారు. అంతే భేదం" అన్నారు ఒకరోజు. మంచు ఎలా ఉంటుందని అడిగితే చాలాసేపు ఆలోచించి, "నాకు తెలియదు. తెలియనిది చెప్పను" అన్నారు.

ఇంతలో మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన ఒక లెక్చరరు, కాలేజీ వరండాలో నేను వల్లె వేసుకుంటుంటే విని, ఏమిటయ్యా ఆ మంత్రపుష్పం అని అడిగారు. జర్మన్ అని చెప్పాను. ఆయన గోడ పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నా చెవిలో జోరీగలా చేరింది. నేను నేర్చుకుంటున్నది నిజంగా జర్మనేనా? లేక ఒక ముసలాయన ఇరవై ఏళ్లుగా అరుగుమీద కూర్చుని కట్టుకున్న మరేదో భాషా? మద్రాసు పరీక్షాధికారి కూడా ఇలాగే గోడ పట్టుకుంటే నా గతేమిటి? ఆ ప్రశ్న పట్టుకున్నాక నాకు చదువు ఎక్కలేదు, తిండి ఎక్కలేదు. ఊరంతా తిరిగాను. తిరుచానూరుకు నడిచి పోవడం, పూలమ్మేవాళ్ల మధ్య ఊరికే నిలబడి మళ్లీ నడిచి రావడం.

ఆ రోజుల్లోనే మా అవ్వకు జ్వరం తగ్గక చిత్తూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ ఒక తెల్లడాక్టరమ్మ ఉండేది. నలభై దాటి ఉంటాయి, కళ్లద్దాలు, పొట్టి జుట్టు. అవ్వ నాడి పట్టుకుని గడియారం చూస్తూ పెదవుల మధ్యే ఏదో లెక్కపెడుతోంది. ఎంత చదివినా మనిషి లెక్క పెట్టుకునేది అమ్మ భాషలోనే. ఆ అంకెలు నాకు తెలుసు. కానీ స్వామి నోట "జ్వేయి" అయిన రెండు ఆమె నోట "త్స్వై" అని వచ్చింది. పదింటిలో మూడో నాలుగో దొరికాయి, మిగతావి జారిపోయాయి.

అవ్వ మంచం పక్కనే నిలబడి, ఆగలేక, నాకొచ్చిన పాఠం గబగబా చెప్పేశాను, స్వరంతో సహా. ఆమె మొదట భయపడింది. తర్వాత కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "ఆయమ్మకు ఏమైందిరా? నేను సచ్చిపోతానని నవ్వతా ఉండాదా?" అని అవ్వ ఒకటే కంగారు.

ఎవరు నేర్పారని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది. సిగ్గుతో స్వామి సంగతి సగం చెప్పి సగం మింగాను. చదవడం నేర్పమని బతిమాలాను. ఒప్పుకుంది, కానీ ఒక షరతు. వైద్యపు పుస్తకం తప్ప మరేదీ చదవకూడదు. వేరే మాటలు లేవు.

అప్పటి నుంచి పాడ్యమికీ అష్టమికీ నా ప్రయాణం చిత్తూరుకు. పెట్రోలు కరువు, బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక పీపాలో బొగ్గు మండుతూ, ఎత్తు వస్తే మమ్మల్ని దింపి తోయించుకుంటూ, తిరిగొచ్చేటప్పుడు చంద్రగిరి దగ్గర ఏటి గట్టున ఆగి బూడిద దులుపుకుని పోయేవి. స్వామికి మాత్రం ఊరికి పోతున్నానని చెప్పేవాణ్ని. అనధ్యయనంనాడు చదవకూడదన్న మనిషికి, అదే రోజు మరొకరి దగ్గర చదువుతున్నానని ఏ మొహంతో చెప్పను?

డాక్టరమ్మ నా నాలుకను విరిచి కొత్తగా అతికించింది. ఒకరోజు కాస్త చనువు వచ్చిందనుకుని, మీ ఊరు ఎలా ఉంటుందమ్మా, మీవాళ్లు అక్కడే ఉన్నారా అని అడిగాను. పుస్తకం మూసేసి, ఈరోజుకు చాలు అంది. బయట కాంపౌండరు నన్ను పక్కకు లాగి చీవాట్లు పెట్టాడు. "ఆయమ్మ యూదులామె అబ్బా. యుద్ధానికి ముందే తప్పించుకోని వచ్చేసింది. ఈడకొస్తే జర్మనామె అని చెప్పి మన సర్కారోళ్లు కొన్నాళ్లు కాపలాలో పెట్టినారు. ఆమె వాళ్లెవురూ మిగల్లేదని పోయినేడు కాగితం వచ్చినాది. ఆ మాట ఎత్తబాకు." యూదులను ఆ దేశంలో ఏం చేశారో అప్పటికి పేపర్లలో చదివి ఉన్నాను. పేపర్లో చదివింది వేరు, పుస్తకం మూసిన ఆ చెయ్యి వేరు. మళ్లీ అడగలేదు.

కార్తీకంలో ఒకరోజు పట్టుబడ్డాను. అరుగుమీద పాఠం చెబుతూ చెబుతూ నా నోటికి ఆమె పలుకుబడి వచ్చేసింది. స్వామి వేలు గాలిలోనే ఆగిపోయింది.

"ఇంకొకసారి చెప్పు."

చెప్పాను.

"ఎవురప్పా నేర్పినారు నీకు?"

మెల్లగా చెప్పి ఉండవచ్చు. దొంగతనం బయటపడినవాడికి ముందు వచ్చేది కోపమే. "చిత్తూరులో ఒక డాక్టరమ్మ. ఆమె ఆ దేశపు మనిషే స్వామీ. మీరు చెప్పేది జర్మనే కాదంట!" అని అరిచేశాను. ఆమె ఆ మాట ఎన్నడూ అనలేదు. నా భయాన్ని ఆమె నోట్లో పెట్టాను.

స్వామి వేలు కిందికి దించారు. పళ్లెంలో ఇసుకను అరచేత్తో చదును చేశారు. ఇరవై ఏళ్ల చదువు నిజమో కాదో తేల్చే మనిషి నలభై మైళ్లలో ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. "ఆయమ్మను నేను చూడొచ్చునా?" అన్నారు. వేళ్లమీద తిథులు లెక్కపెట్టుకుని, "ఇంక మూడు దినాలకు పాడ్యమి. పాఠం ఎట్లా లేదు. పోదాం పద" అన్నారు.

ఒక చేతిలో నీళ్లచెంబు, మరో చేతిలో పిల్లల పలక. ఇసుక పళ్లెం బస్సులో తీసుకుపోలేం కదా, అక్షరాలు తప్పుంటే ఆమె దిద్దుతుందని పలక. దారంతా తను చెప్పబోయే వాక్యాన్ని లోలోపల వల్లె వేసుకుంటూనే ఉన్నారు. ఆమె నవ్వితే? ఈయన ముందు గోడ పట్టుకుని నవ్వితే?

డాక్టరమ్మ వరండాలో కుర్చీలు వేయించింది. స్వామి కూర్చోలేదు, నిలబడి నమస్కరించి తన వాక్యం చెప్పారు. నిండుగా, స్వరంతో. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మర్యాదగా ఏదో అంది. ఆయనకూ అర్థం కాలేదు. ఇద్దరూ నావైపు తిరిగారు. జర్మన్‌ను జర్మన్‌లోకి నేను తర్జుమా చేయాల్సి వచ్చింది. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం నాకు గర్వంగా అనిపించింది. ఈ ఇద్దరి మధ్యా నేనొక్కణ్నే దారి తెలిసినవాణ్ని అనుకున్నాను.

స్వామి ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నారు. పలక ఒళ్లో పెట్టుకుని బలపంతో అచ్చు అక్షరాలు పేర్చి రెండు వాక్యాలు రాసి ఆమెకు అందించారు. నేను మెడ చాచి చదివాను. "ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీవాళ్లందరూ క్షేమమని తలుస్తాను."

మన ఉత్తరం దేనితోనైనా అలాగే మొదలవుతుంది. మనిషి పోయాడని రాసే జాబు కూడా మేం క్షేమం, మీరు క్షేమమా అనే మొదలుపెడతాం. ఆయనకు తెలిసిన మర్యాద అది. ఆమె సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు, నా పరీక్ష గొడవ నాది. పలక లాక్కుని విరిచేయాలనిపించింది.

ఆమె లేచి నిలబడింది. నా కళ్లలోకి చూసింది. ఈయనకు చెప్పలేదా అని అడుగుతున్నట్టు తోచి తల వంచుకున్నాను. ఆమె లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు. మళ్లీ కూర్చుని బలపం కోసం చెయ్యి చాచింది.

ఆమె రాసింది. స్వామి చూసి, అచ్చు అక్షరాల్లో రాయమని సైగ చేశారు. ఆమె చెరిపి, బడిపిల్లలా ఒక్కొక్క అక్షరమే పేర్చి మళ్లీ రాసింది. ఆయన చదివి, చెంబులో నీళ్లతో తడిపిన ఉత్తరీయపు కొసతో తుడిచి, ఒక చిన్న వాక్యం రాసిచ్చారు. ఆమె పలక నిండా రాసింది. తుడవడం, రాయడం. ఆమె తన తెల్లకోటు అంచుతోనే తుడిచేసేది. నేను అటు వంగి ఇటు వంగి చదవబోయాను. వాక్యాలు పొడుగు, చదివేలోగా చెరిగిపోయేవి. నాకు చిక్కినవి మూడే మాటలు. అమ్మ, చెల్లెలు, రైలు. లోపలి నుంచి నర్సు రెండుసార్లు వచ్చి పిలిచింది. ఆమె తలెత్తలేదు. గంట పైనే గడిచింది. వాళ్లిద్దరి మధ్య ఒక్క శబ్దం లేదు, బలపం గీరుకోవడం తప్ప. అన్నీ తెలుసనుకున్న నేను వరండా స్తంభానికి ఆనుకుని, భాష రాని పల్లెటూరివాడిలా చూస్తూ నిలబడ్డాను.

చివరికి ఆమె పలకను రెండు చేతులతో ఆయనకు తిరిగిచ్చింది. ఏడవలేదు. నాతో ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. "ఇందులో ఒక్క తప్పు లేదు. మా తాత ఇలా రాసేవాడు. పలకడం నేను నేర్పాను, పరీక్షకు అది చాలు. భాష ఈయన దగ్గర నేర్చుకో." ఆ మాట స్వామికి తెలుగులో చెప్పాను. ఆయన తలూపారు, అంతే. దేనికోసం ఇంతదూరం వచ్చారో ఆ సంగతే మరిచిపోయినట్టున్నారు.

మార్చిలో పరీక్ష గట్టెక్కాను. అది పెద్ద విషయం కాదు.

ఆ పాడ్యమినాడు చిత్తూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో స్వామి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఏం రాసిందని నేను నాలుగుసార్లు అడిగాను. ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకోసం కాదు. చంద్రగిరి దగ్గర ఏటి గట్టున బస్సు ఆగింది. క్లీనరు బూడిద దులపడం మొదలుపెట్టాడు. పొద్దు గుంకుతోంది. కార్తీకపు నీళ్లు, ఏరు నిండుగా పారుతోంది. స్వామి దిగి చెంబు గట్టున పెట్టి, కట్టుబట్టలతోనే నీళ్లలోకి నడిచారు.

"స్వామీ, బస్సు ఎల్లిపోతుంది!" అన్నాను.

ఆయన మొలలోతులో నిలబడి వెనక్కి తిరిగారు. "తొమ్మండుగురప్పా. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు, వాళ్ల బిడ్డలు. పేర్లన్నీ రాసింది. చావుకబురు విన్నాము కదా, తల తడవకుండా ఇంట్లోకి ఎట్లా పోయేది?"

"వాళ్లు మనకేమవుతారు స్వామీ?"

"ఆయమ్మ నీకు చదువు చెప్పిందా లేదా? గురువు ఇంటి మైల శిష్యునికి ఉండాదా లేదా? నువ్వు నా దగ్గర చదివేవాడివి, నీ మైల నాది కూడా. దిగు నీళ్లలోకి."

నేను ఆమెను దొంగచాటుగా నా గురువు చేసుకున్నాను. ఆయన అందరూ చూస్తుండగా ఆమెకు ఆ స్థానం ఇచ్చారు. చెప్పులు విడిచి దిగాను. నీళ్లు చల్లగా పట్టుకున్నాయి.

ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క మునక. పలకమీద ఒకసారి చూసి చెరిపేసిన పేర్లు, వరుస తప్పకుండా, తన స్వరంలో, తన పలుకుబడిలో చెప్పారు. డాక్టరమ్మ గట్టుమీద ఉండి వింటే ఆమెకు ఒక్కటీ అర్థమయ్యేది కాదేమో. నాకు తొమ్మిదీ అర్థమయ్యాయి. ఆయన చెప్పిన పేరు నేనూ చెప్పి మునిగాను, ఆయన చెప్పినట్టే. బస్సు హారను మోగింది. మళ్లీ మోగింది. ఇంకా నాలుగు పేర్లు ఉన్నాయి. నేను కదల్లేదు.